తెలుగొచ్చిన డాక్టరు

"ఇవాళ మాత్రం నా వల్ల కాదు సార్. ఇంకెవరినైనా పంపండి," అంది అక్షర.

ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డ డాక్టర్ మల్లికార్జున్ కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. "రామాంజి భార్యతో ఒక మాట చెప్పి రమ్మన్నాను. అంతేగా?"

"ఆ ఒక్క మాటే సార్, ఏడాదిగా చెబుతున్నాను. అనంతపురం వాళ్ళు, చిత్తూరు వాళ్ళు ఎవరొచ్చినా, మీ మనిషి దక్కలేదని చెప్పడానికి నన్నే పంపుతారు. బతికినవాళ్ళ సంగతి మాత్రం మీరు చెబుతారు."

"నాకు తెలుగెక్కడొచ్చమ్మా?" అన్నాడాయన కన్నడంలోనే. "బొటనవేలు చూపించి నవ్వుతాను. మంచి కబురుకి అది చాలు. చెడ్డ కబురే, సొంత భాషలో చెప్పకపోతే మనిషికి ఎక్కదు."

అది నిజమే. నిజమని తెలుసు గనకే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని చెప్పింది. బెంగళూరొచ్చి తాను వైద్యం నేర్చుకుందో, చావు కబుర్లు మోయడం నేర్చుకుందో ఆమెకే అర్థం కావడం లేదు.

"ఇవాళ్టితో నా ఇంటర్న్‌షిప్ అయిపోయింది సార్. సాయంత్రం ఒంగోలు బస్సెక్కుతున్నాను. ఆఖరి రోజు కూడా ఒకరిని ఏడిపించి వెళ్ళమంటారా?"

"రామాంజి పోయాడని నీకెవరు చెప్పారు?" అన్నాడాయన. "కళ్ళు తెరిచాడు. నీళ్ళడిగాడు. ఆఖరి రోజని గుర్తుపెట్టుకుని మరీ నీకోసం ఉంచాను. వద్దంటే చెప్పు, నేనే వెళ్తాను."

"వద్దొద్దు! నేనే చెబుతా, నేనే!" అంటూ అక్షర మెట్ల వైపు పరిగెత్తింది.

కింద హాల్లో రోగుల తాలూకు మనుషులు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఆమె అడుగుపెట్టగానే తెలుగు మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆవులప్ప అనే ముసలాయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. అక్షర చూపు తనమీద పడగానే రామాంజి పెళ్ళాం మునిలక్ష్మి గబుక్కున లేచింది. లేచి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగు లంకించుకుంది.

"మునిలక్ష్మీ! ఆగు! ఓ మాట విను!"

వింటేగా! మందుల షాపు దాటింది, క్యాంటీన్ దాటింది. గేటు దగ్గర ఆటోలు అడ్డమొచ్చి ఆగిపోయింది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.

"చెప్పద్దు డాక్టరమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు చెప్పకుంటే ఆయప్ప బతికే ఉంటాడు!"

"బతికే ఉన్నాడే తల్లీ! కళ్ళు తెరిచాడు. నీళ్ళు కూడా అడిగాడు."

"మొన్న మొగుడు పోయిన కదిరమ్మకూ ఇట్లనే నిదానంగా మొదలుపెడితివి. బాగా చూసుకున్నాం, మంచి మందులే ఇచ్చినాం అంటివి. మళ్ళా ఏం చెప్తివి?"

"అది వేరు. ఇది నిజం. ఒట్టు!"

"ఒట్టెందుకు వేస్తావు? నాకింకా భయమైతాంది!"

అక్షరకు ఉక్రోషం ముంచుకొచ్చింది. చెప్పక చెప్పక ఒక్క మంచి మాట చెబుతుంటే నమ్మరేం? కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. పాపం, రాలకుండా ఉన్నా బాగుండేది.

"అయ్యో దేవుడా! నువ్వే ఏడుస్తాండావు!" అంటూ మునిలక్ష్మి నేలమీద కూలబడి గొల్లుమంది.

అప్పుడే కాఫీకని వచ్చిన మల్లికార్జున్ ఇద్దర్నీ చూసి ఆగాడు. సంగతి అర్థమైంది. మునిలక్ష్మి ఎదుటికెళ్ళి, బొటనవేలు పైకెత్తి, "చెన్నాగిద్దారె," అని నవ్వాడు. బాగున్నాడని కన్నడంలో చెప్పడం.

అంతే. చెవుల మీంచి చేతులు జారిపోయాయి. మునిలక్ష్మి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, ఏడుస్తూ నవ్వుతూ లోపలికి ఉరికింది. అక్షర ఆ బొటనవేలి వంక చూస్తూ ఉండిపోయింది. ఆమెకు నిజంగా అసూయ పుట్టింది.

సాయంత్రం సూట్‌కేసు ఈడ్చుకుంటూ వస్తుంటే వరండాలో మునిలక్ష్మి ఎదురైంది.

"కోపమొచ్చిందా డాక్టరమ్మా?"

"కోపమెందుకు? మీ ఆయన్ని జాగ్రత్తగా చూసుకో. నేను మా ఊరెళ్ళిపోతున్నాను."

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

"ఇంక రాను. ఇక్కడ నా పని అయిపోయింది."

"నిజ్జంగా?"

"నిజంగానే."

ఈసారి ఒట్టు లేకుండానే నమ్మింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని హాల్లోకి పరిగెత్తింది.

ఒంగోలు బస్సు ఎక్కే మడివాళకి ఆటో మాట్లాడుకునేసరికి తెలుగువాళ్ళందరూ గేటు దగ్గరికి వచ్చేశారు. ఆవులప్ప సూట్‌కేసు లాక్కుని తానే ఆటోలో పెట్టాడు. ఎవరో అరటిపళ్ళు ఒళ్ళో పెట్టారు. మునిలక్ష్మి మల్లెపూలు తెచ్చి జడలో తురిమింది. ఏడాదిలో మొదటిసారి ఆ మొహాల్లో నవ్వు చూసింది అక్షర. తన నోటినుంచి విన్నవన్నీ మరిచిపోయి ఇంత ప్రేమ చూపిస్తున్నారే! వీళ్ళను వదిలి వెళ్ళాలనిపించలేదు.

"మిమ్మల్ని మరిచిపోనమ్మా," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

మొగుడు ఇంకా ఐసీయూలోనే ఉన్న సుబ్బలక్ష్మమ్మ ఆటోలోకి వంగి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"పొయ్యి సల్లగా ఉండు తల్లీ," అని, మెల్లిగా గొంతు తగ్గించి అడిగింది. "నీ జాగాలోకి మళ్ళా తెలుగొచ్చిన డాక్టర్ని పెట్టరు గదా?"