స్టూలంత ఎత్తు

"దిగండి సార్, జాకీ వేయాలి," అన్నాడు మెకానిక్.

"నేను దిగను. ఇలాగే లేపు," అన్నాడు కారులోని ఆయన.

స్టీరింగ్ పక్క సీట్లో కుదురుగా కూర్చుని ఉన్నాడు. నడుపుకుంటూ వచ్చింది ఆయన భార్య. ఆవిడ దిగి, ఇటు తిరిగి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన నుదుటి మీద చెమట తుడిచింది. దొరగారు అందుకు కూడా చెయ్యెత్తలేదు.

షెడ్డుకి రకరకాల వాళ్ళు వస్తుంటారు గానీ ఇలాంటి మహానుభావుడు ఇదే మొదలు. గొణుక్కుంటూనే మెకానిక్ బండి కిందకి దూరాడు.

కంపెనీ స్ప్రింగులు ఎప్పుడో పీకేసి, పందెం బళ్ళకి వేసే గట్టి సెట్టు బిగించారు. బండి దాదాపు నేలని నాకుతోంది. చక్రం కిందకి చిన్న రాయి వచ్చినా వెన్నుపూసకి కబురు అందుతుంది.

"ఒకప్పుడు నేనే ముచ్చటపడి వేయించుకున్నాను. ఇప్పుడు ఈ కుదుపు పనికిరాదు. రోజూ తిరగాలి. మెత్తగా చెయ్యి," అన్నాడాయన.

"ఆయనే పడలేకపోతున్నారు. నాకైతే ఏ ఇబ్బందీ లేదు," అంది ఆవిడ. ఆ గొంతులో విసుగూ లేదు, ప్రేమా లేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

మెకానిక్ షాకబ్జార్బర్ల మీది మరలు కాస్త వదులు చేశాడు. ముగ్గురూ రోడ్డెక్కారు. అతను వెనక సీట్లో కూర్చున్నాడు.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆవిడ పెదవి కొరుక్కుంది. ఒక చెయ్యి స్టీరింగ్ వదిలి నడుం మీదకి పోయింది. ఆయన రోడ్డు చూడటం లేదు. భార్య ముఖంలోకే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"ఇంకా ఉంది. తిప్పు," అన్నాడు.

మళ్ళీ షెడ్డు, మళ్ళీ మరలు, మళ్ళీ అదే స్పీడ్ బ్రేకర్. ఆవిడ చెయ్యి మళ్ళీ నడుం మీదకే పోయింది.

"పోలేదు. ఇంకా తిప్పు."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. పక్కన భార్య నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఈయన గోల ఈయనది. నోరు ఊరుకోలేదు.

"మేడంగారికి నడుం బాగా లేనట్టుంది సార్. కాసేపు మీరు నడపొచ్చుగా?"

ఆవిడ అద్దంలోంచి బయటకి చూసింది.

"నేను నడపను," అన్నాడాయన. అంతే.

ఈసారి మరలు పూర్తిగా వదిలేశాడు మెకానిక్. బండి స్పీడ్ బ్రేకర్ మీద ఊయలలా తేలింది. ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"చాలు," అన్నాడాయన.

హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాడు మెకానిక్. షెడ్డుకి రాగానే మరో పేచీ మొదలైంది.

"ఇప్పుడు ఎత్తు పెంచు. నీ స్టూలు తెచ్చి ఈ తలుపు పక్కన పెట్టు. నా సీటు దానికి సమానంగా రావాలి."

"ఎత్తుకీ మెత్తదనానికీ సంబంధం లేదు సార్. పైగా చూడ్డానికి కొంగలా ఉంటుంది."

"ఉండనీ."

"ఎందుకండీ ఇదంతా? ఈ బండి కిందకి ఉంటేనే కదా మీకిష్టం!" అంది ఆవిడ.

మెకానిక్ స్టూలు తెచ్చి తలుపు పక్కన పెట్టి, ఒక్కొక్క చక్రం విప్పి, స్ప్రింగుల కింద ఉండే రింగులు తిప్పుకుంటూ పోయాడు. చేతులు లాగేశాయి. చివరికి స్టూలూ సీటూ సమానమయ్యాయి. నచ్చకపోతే ఈసారి ఏకంగా బండే అమ్ముకోమని చెప్పేద్దామని నిశ్చయించుకుని, స్టూలు పక్కకి లాగి నిలబడ్డాడు.

"ఏదీ, దించు. చూద్దాం," అన్నాడాయన భార్యతో.

"ఇక్కడా? అందరూ చూస్తారు."

"చూడనీ."

ఆవిడ డిక్కీలోంచి చక్రాల కుర్చీ తీసి, విప్పి, స్టూలు ఉన్న చోట పెట్టి, ఆయన చంకల కింద చేతులు దూర్చి, వేలాడే కాళ్ళతో సహా ఆ మనిషిని కుర్చీలోకి మార్చింది, పెద్దగా వంగకుండా, నడుం మీద చెయ్యి వేసుకోకుండా.