గడువు దాటిన గడ్డ

"మీ గడ్డ కాస్త ఆలస్యంగా లేచిందండీ," అంది రొవీనా, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. "ఆరోగ్య బీమాలో చేరే గడువు జనవరితోనే అయిపోయింది."

వర్జిల్ టాకెట్ దవడ కింద తడుముకున్నాడు. కోడిగుడ్డంత ఉంది. ఫిబ్రవరిలో లేచింది. పాపం, దానికి ప్రభుత్వ క్యాలెండరు ఎవరూ చూపించలేదు.

"మరి ఎప్పుడు రమ్మంటావు?"

"నవంబరులో రండి. పై జనవరి నుంచి బీమా మొదలవుతుంది."

"ఇది మార్చి, తల్లీ!" అంది వర్జిల్ భార్య డ్రీమా. "ముక్క కోసి పరీక్ష చెయ్యాలంటే ముందు బీమా కార్డు చూపించమంటున్నాడు డాక్టరు. పై జనవరికి ఈయన మెడ మీద తల ఉంటుందా, గడ్డే ఉంటుందా?"

రొవీనా చెడ్డమనిషేం కాదు. మా టెన్నెస్సీ కొండల్లో, కౌంటీ లైబ్రరీలో ఒక మూల బల్ల వేసుకుని, బీమా లేనివాళ్ళను బీమాలో చేర్పించడం ఆమె ఉద్యోగం. ఎందుకు చేర్పించలేదో మర్యాదగా చెప్పి పంపడం కూడా ఆమె ఉద్యోగమే. ఏడాదిలో రెండో పనే ఎక్కువ నెలలు ఉంటుంది.

"ఒక దారి ఉంది. ఈమధ్య మీ జీవితంలో పెద్ద మార్పు ఏదైనా జరిగుంటే గడువు దాటినా చేర్చుకుంటారు."

"గడ్డ లేచింది కదా!"

"అది మార్పు కిందికి రాదండీ. పిల్లలు పుట్టారా?"

"నాకు అరవై," అంది డ్రీమా. "పుట్టుంటే ఈపాటికి టీవీవాళ్ళే వచ్చేవాళ్ళు."

"పెళ్ళి?"

"దీనికి విడాకులిచ్చి మళ్ళీ దీన్నే చేసుకుంటే?" అన్నాడు వర్జిల్.

"మళ్ళీ నిన్నే చేసుకుంటానని నీకెవడు చెప్పాడు?"

"చేసుకున్నా లాభం లేదండీ. ఇద్దరిలో ఒకరికైనా అంతకుముందు బీమా ఉండాలి. ఇల్లు మారినా అదే షరతు."

"అంటే బీమా కావాలంటే బీమా ఉండాలి," అంది డ్రీమా.

"అలాగే అనుకోండి." రొవీనా తెర మీద ఇంకా కిందికి దిగింది. "పోనీ, జైలు నుంచి విడుదలయ్యారా?"

"నేనా? ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు కప్పు వేసింది నేను. ఒక్క మేకు కూడా జేబులో వేసుకెళ్ళలేదు."

"అయ్యో!" అంది రొవీనా. నిజంగానే బాధపడింది. "జైలు నుంచి వచ్చినవాళ్ళకు అరవై రోజులు టైమిస్తారు. అయితే ఊరికే లాకప్పులో కూర్చుని వస్తే చెల్లదు. శిక్ష పడాలి, అనుభవించాలి, బయటికి రావాలి."

వర్జిల్ భార్య వైపు చూశాడు. డ్రీమా చేతిసంచీ భుజాన తగిలించుకుని పక్కకు జరిగింది.

"లైబ్రరీ అద్దాల తలుపు దగ్గర ఎవరూ లేరు," అంది. "ఎవరికీ తగలదు."

వర్జిల్ తను కూర్చున్న కుర్చీనే ఎత్తి విసిరాడు. తలుపు భళ్ళుమంది.

కౌంటీ పోలీసు, డెప్యూటీ షెరీఫ్ రస్ వచ్చాడు. ఆదివారాలు వర్జిల్‌తో కలిసి చేపలు పట్టే మనిషి. గాజు పెంకులు చూసి తల గోక్కున్నాడు.

"గాలికి పగిలిందని రాస్తాలే. ఇంటికి పో, అన్నా."

"గాలేంట్రా? నేను పగలగొట్టాను. నమ్మకపోతే ఆ కిటికీ కూడా పగలగొట్టి చూపిస్తా."

వర్జిల్ చేతులకు సంకెళ్ళు వెయ్యక తప్పలేదు రస్‌కు. వర్జిల్ పెళ్ళికొడుకులా నడిచి కారెక్కాడు.

కోర్టు రోజున హాలు నిండిపోయింది. తప్పు ఒప్పుకుంటున్నావా అని జడ్జి అడగడమే ఆలస్యం, "ఒప్పుకుంటున్నానండీ. ఎంత చిన్నదైనా పర్లేదు, శిక్ష మాత్రం వెయ్యండి," అన్నాడు వర్జిల్. ఎందుకు చేశావంటే మాత్రం నోరు విప్పలేదు. బీమా కోసమని తెలిస్తే జైలూ దక్కదని డ్రీమా ముందే కట్టడి చేసింది.

జడ్జి కలం తీశాడు. అప్పుడే వెనక బెంచీలోంచి పాస్టర్ ఎల్డన్ స్టిడం లేచాడు. లైబ్రరీ కమిటీకి పెద్ద కూడా ఆయనే.

"అయ్యా! బ్రదర్ వర్జిల్ మీద కేసు వెనక్కి తీసుకుంటున్నాం. రాత్రి చర్చిలో బీన్సూ మొక్కజొన్న రొట్టే వండి విందు పెట్టాం. కొత్త తలుపుకు చందా రెండు గంటల్లో పోగైంది. ఆ మెడ చూడండి! అంత గడ్డ పెట్టుకున్న మనిషిని జైల్లో పడేస్తే వైద్యం ఎవరు చేయిస్తారు? మనకు జాలి లేదా?"

హాల్లో ముక్కులు చీదిన చప్పుడు. జడ్జి కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"కేసు కొట్టేశాను. వెళ్ళు వర్జిల్, నీది మంచి ఊరు."

చప్పట్లు. కౌగిలింతలు. గుంపు వర్జిల్‌ను తోసుకుంటూ కోర్టు మెట్ల మీదికి తెచ్చింది. డ్రీమా పాస్టర్‌కు అడ్డంగా నిలబడింది.

"తలుపుకు చందా వేశారు, సరే. మరి మెడకు?"

"మెడ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాం, సిస్టర్!"

వర్జిల్ చొక్కా చేతులు పైకి మడిచాడు. పక్కనే రస్ ఉన్నాడో లేడో ఒకసారి చూసుకున్నాడు. పిడికిలి బిగించి పాస్టర్ ముక్కు మీద ఒక్కటిచ్చాడు.

పాస్టర్ మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కా నిండా రక్తం. చప్పట్లు ఆగిపోయాయి.

"చూశావుగా రస్!" వర్జిల్ రెండు చేతులూ చాచాడు. "ఇంతమంది సాక్షులు. వెయ్యరా సంకెళ్ళు!"

రస్ నడుముకున్న సంకెళ్ళు తీశాడు. ఒక చేతికి వేశాడు కూడా. రెండోది వెయ్యబోతుంటే పాస్టర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పళ్ళ మీది రక్తంతోనే చల్లగా నవ్వాడు.

"తీసెయ్యి నాయనా. ఆయన్ని నేను అప్పుడే క్షమించేశాను."