గూటికి నీలం రంగు

పొద్దు వాలింది. మన్నూబియా కోళ్లు గూట్లోకి పోనంటే పోనంటున్నాయి.

చీపురుతో తోలింది. గింజలు చల్లింది. నోరారా తిట్టింది.

అవి గూటి గుమ్మం దాకా వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, మళ్లీ వాకిట్లోకే పరుగు తీశాయి.

పొద్దున్నే ఒకటి చచ్చి పడి ఉంది. వారంలో అది మూడోది.

"దిష్టే. ఇంకేం కాదు" అంది మన్నూబియా. "దిష్టి తగలకుండా తలుపుకి వేయగా సగం డబ్బా నీలం మిగిలింది. రేపు గూడు లోపలంతా పూసేస్తాను."

కూతురు దూజా నవ్వింది. "గూటికి లోపల రంగేమిటమ్మా? కోళ్లకేమన్నా పెళ్లి చేస్తున్నావా?"

"నవ్వవే, నవ్వు. నాకున్న భయం నీకుంటే నవ్వవు."

దూజాకి ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి ముందే పుట్టింటికి తెచ్చుకుంది మన్నూబియా. పురిటాలికి నలభై రోజులూ కోడి చారు పెట్టాలి. ఆ కోళ్లు అందుకే.

రాత్రంతా ఆమెకి నిద్ర లేదు. కోళ్లకి వచ్చిన దిష్టి కూతురి కడుపు మీదికి రాకుండా ఉంటుందా?

తెల్లారి రంగు డబ్బా మూత తీసిందో లేదో, ఒక గాడిద వచ్చి గుమ్మం ముందు ఆగింది.

దాని వీపు మీద గడ్డి చీపుర్లు, సున్నం కుంచెలు. పక్కన, మొహం మీదికి దిగిన గడ్డి టోపీతో ఒక ముసలాయన.

"చీపుర్లు, కుంచెలు తల్లీ."

"వద్దు."

"నూనె రంగు వాసన వస్తోంది. దేనికి?"

"కోళ్ల గూటి లోపలికి."

"అయ్యో, వద్దు తల్లీ. ఒక్కసారి ఆ గూటి దగ్గరికి రానీ."

ఆమె సరేననే లోపే లోపలికొచ్చాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచాడు. ఆ వయసులో ఎవరైనా అలాగే నడుస్తారు.

గూటి ముందు కూర్చుని, తల పక్కకి వంచాడు.

"పదకొండు. ఒకదానికి గొంతు బొంగురు" అన్నాడు.

మన్నూబియా మనసులోనే తిట్టుకుంది. ఇంకొకరి కోళ్లని లెక్కపెట్టి పైకి చెబుతారా ఎవరైనా? కనీసం దిష్టి తగలకుండా మాషా అల్లా అన్న మాటైనా లేదే.

ముసలాయన గూట్లోకి చెయ్యి పెట్టి, గోడ పగులులో గోరు దించి, రెండు వేళ్లు నలిపి ఆమె ముందుకి చాపాడు.

"ఎర్రగా ఉందా?"

"ఉంటే?"

"అది నీ కోళ్ల నెత్తురు. కోడిపేలు తల్లీ. పగలు పగుళ్లలో నక్కి, రాత్రి పీలుస్తాయి. అందుకే గూడంటే భయం వాటికి. నూనె రంగు పగుళ్లలోకి దిగదు. సున్నంలో గుప్పెడు ఉప్పేసి, మూడు పూతలు వెల్ల వెయ్యి. కోళ్లు ఎక్కి కూర్చునే కర్రలకి కూడా. సున్నంలో నీళ్లు పోసేటప్పుడు మాత్రం మొహం దూరంగా పెట్టుకో."

చెమట తుడుచుకోవడానికి టోపీ పైకెత్తాడు.

కళ్లు నీలంగా ఉన్నాయి. పాలు కలిసినట్టు, లేత నీలం.

మన్నూబియా రెండోసారి చూడలేదు. లేత కళ్ల దిష్టికి మందు లేదని వాళ్లమ్మ చెబుతుండేది.

సరిగ్గా అప్పుడే దూజా నడుం పట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది.

ముసలాయన అటు తిరిగాడు. "నిండు నెలలా? అడుగు బరువుగా పడుతోంది."

ఆ కళ్లు దూజా కడుపు మీదే రెప్ప వేయకుండా నిలిచిపోయాయి.

మన్నూబియా తల మీది గుడ్డ లాగి కూతురి కడుపు మీద కప్పింది.

"బయటికి నడువు."

"తల్లీ, నేను..."

"నడవమన్నానా! నీ కళ్లు పోను."

ఆ మాటకి ముసలాయన కాస్త నవ్వినట్టనిపించింది. గోడ పట్టుకుని, వచ్చినంత నెమ్మదిగానే వెళ్లిపోయాడు.

గాడిద వెనకాల గుప్పెడు ఉప్పు విసిరింది మన్నూబియా. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది.

"నరుడి కంట నల్లరాయైనా పగులుతుంది. ఆ కళ్లకి కోళ్లెంత?" అంది పక్కింటి హల్లూమా.

మరుసటి వారం గాడిద వచ్చి, అలవాటుగా ప్రతి గుమ్మం ముందూ ఆగింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ పై వారమూ అంతే.

గూడు నీలంగా మెరిసిపోతోంది. కోళ్లు చస్తూనే ఉన్నాయి. బొంగురు గొంతుది కూడా పోయింది.

నాలుగు మిగిలాయి.

ఆ రోజు మన్నూబియా కాలు ఒకచోట నిలవలేదు. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి. చివరికి గూటి ముందు చతికిలబడి, కర్ర చివర గోరు దించి, వేళ్లు నలిపి చూసుకుంది.

ఎర్రగా ఉంది.

శుక్రవారం సంతకి పోయి సున్నం అమ్మే మిస్బాహ్ ముందు నిలబడింది.

"కోళ్ల గూటికి సున్నం కావాలి. ఉప్పు ఎంత కలపాలి నాయనా?"

మిస్బాహ్ తలెత్తాడు. "ఉప్పు కలపమని ఈ చుట్టుపక్కల చెప్పేది ఒక్క తిజానీ తాతే. ఆయన చెప్పాడా పిన్నీ?"

"ఆ చీపుర్లాయనా?"

"ఇప్పుడంటే చీపుర్లు. ఒకప్పుడు ఈ సముద్రం ఒడ్డున ప్రతి గుమ్మటం మీదా వెల్ల ఆయన చేతిదే."

మన్నూబియాకి సిగ్గేసింది.

"మంచి మాటే చెప్పాడు, నేనే వినలేదు. ఆ చూపంటే భయపడ్డాను. ఈసారి వస్తే నాలుగు కుంచెలు కొంటాను. తల మాత్రం దించుకోమంటాను."

"ఇంక రాడు పిన్నీ. మీ వైపు ఎవరూ తలుపు తియ్యడం లేదట. పోయిన వారం గాడిదని అమ్మేశాడు."

"గాడిద లేకపోతేనేం? నాలుగు చీపుర్లు భుజాన వేసుకుని నడిచి రాలేడా?"

సున్నం ఎత్తుతున్న మిస్బాహ్ చెయ్యి ఆగింది.

"దారి ఎవరు చూపిస్తారు పిన్నీ? ఉడికే సున్నం ఎగిరి మొహాన పడింది. ఆ కళ్లతో ఆయన ఏదైనా చూసి పన్నెండేళ్లయింది."