ఆరని బట్టలు

శనివారం మధ్యాహ్నం. అలబామా ఎండ మాడ్చేస్తోంది. మా కోలియర్ ఊరి బేస్‌బాల్ మైదానంలో నాలుగింటికి ఏమస్ ప్రసంగం. ఓటు హక్కు గురించి. మా చర్చికి కొత్త పాస్టరతను, ఇంకా ముప్పై నిండలేదు.

నోరు విప్పితే వస్తామని ముసుగు మనుషులు కబురంపారు. వాళ్లు రావడమంటే ఏమిటో మా నల్లవాళ్లలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఏమస్ తండ్రి ఓటరుగా పేరు రాయించుకోబోయిన ఏడాదే వాళ్లొచ్చారు. ఆయన మళ్లీ కనబడలేదు.

ఏమస్ వంటింట్లో ప్రసంగం వల్లె వేస్తున్నాడు. తల్లి లియోటా తడి చేతులు తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చింది. ఊళ్లో తెల్లవాళ్ల ఇళ్ల బట్టలన్నీ ఆమే ఉతుకుతుంది. అందుకే ఆ పెరట్లోకి ఏమస్ కాలు పెట్టడు. నామోషీ.

“మానెయ్యరా నాయనా. నీకు దణ్ణం పెడతా.”

“ఎన్నాళ్లమ్మా ఈ భయం? అసలు వాళ్లెవరో కూడా ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుసులే. మొహం చూపించే దమ్ములేని వెధవలు.”

వాకిట్లో కారు మోత. హాడ్లీ దొరసాని. దిగకుండానే అరిచింది.

“ఏం లియోటా, మా ఆయన బట్టలేవీ? పొద్దున్నే ఇస్తానన్నావు!”

“ఇంకా ఆరలేదమ్మగారూ.”

“ఇంత ఎండలోనా?”

“గంజి ఎక్కువైందమ్మగారూ. మళ్లీ జాడించాల్సొచ్చింది. ముసలిదాన్ని, మన్నించండి. సోమవారం నేనే తెచ్చిస్తా.”

దొరసాని తిట్టుకుంటూ పోయింది. ఆ వెనకే ఇంకో ఇంటివాళ్లు, మరో ఇంటివాళ్లు. అందరికీ అదే గంజి, అదే దణ్ణం.

కిటికీలోంచి చూస్తున్న ఏమస్‌కి తల కొట్టేసినట్టయింది.

“కొడుకు ప్రాణాలకి తెగించి వెళ్తుంటే నీకు వాళ్ల చొక్కాల గొడవా? కనీసం వినడానికైనా రావే అమ్మా!”

“ఇవాళ పని వదల్లేన్రా,” అంది లియోటా. కళ్లొత్తుకుని, బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మైదానం కిక్కిరిసింది. వేదికెక్కగానే ఏమస్ వల్లె వేసిందంతా మర్చిపోయాడు. తల్లి మీద మంట మాత్రం అలాగే ఉంది.

“వాళ్ల మురికి ఉతికింది చాలు!” అని అరిచాడు. “పదండి, మన ఓటు మనం అడుగుదాం!”

తర్వాత దేశమంతా చెప్పుకున్నది ఆ మాటే. జనం మాత్రం ఒక కన్ను రోడ్డు మీదే వేసి విన్నారు. ఎవరూ రాలేదు. పాస్టరు గుండెధైర్యానికి వాళ్లే జడుసుకున్నారని ఊరంతా అంది. ఏమస్ కూడా అదే అనుకున్నాడు.

ఇంటికొస్తే లియోటా గుమ్మంలోనే వాటేసుకుని భోరుమంది.

“చూశావా అమ్మా? ఒక్కడూ రాలేదు! భయపడ్డారు!”

“భయపడే ఉంటార్లే నాయనా. రా, అన్నం తిను.”

“నీ బట్టలైనా ఆరాయా?” అన్నాడు ఎత్తిపొడుపుగా.

“ఎక్కడా!”

పెరట్లో దండేల నిండా, కళ్ల దగ్గర రెండేసి చిల్లులున్న తెల్ల ముసుగులు ఇంకా నీళ్లోడుతూనే ఉన్నాయి.