పలచని గాలి

అద్దాల గదిలో సైకిల్ తొక్కుతున్న ఆ ఫైర్‌మన్‌కు పదో నిమిషానికే ఊపిరందలేదు.

స్టేషన్లో అందరూ అతన్ని గుర్రం అంటారు. భుజాన నీళ్ళ గొట్టంతో ఆరంతస్తులు ఆగకుండా ఎక్కిన మనిషి. అలాంటివాడు ఉన్నచోటు నుంచి కదలని సైకిల్ మీద రొప్పుతున్నాడు.

"మీ యంత్రం గుర్రాన్ని గాడిదను చేసేసింది సిస్టర్," అన్నాడు దిగి, చెయ్యి చాపుతూ.

నర్సు నవ్వి రక్తం తీసుకుంది. గాలిలో ఆక్సిజన్ తగ్గించి, ఒంటిని బాగా శ్రమ పెడితే, రోగాలతో పోరాడే తెల్లకణాలు ఏమవుతాయో చూడడం అక్కడి పరిశోధన. వారానికి మూడు ఉదయాలు, నాలుగు వారాలు తొక్కాలి. రక్తం ఎక్కడో పెద్ద ల్యాబుకు వెళ్తుంది. ఫలితాలు నెలాఖరుకు గానీ రావు. గదిలోకి గాలి వదిలే యంత్రం మీటల మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఎవరికి ఏ గాలి వెళ్తోందో నర్సు కూడా అది తీసి చూడకూడదట.

సైన్సు మీద ప్రేమతో చేరలేదు అతను. మంచుకొండల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడే దళానికి వచ్చే నెలలో ఎంపిక. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. పలచని గాలికి ముందే అలవాటుపడితే పని సులువవుతుందని కొండంత ఆశ పెట్టుకున్నాడు.

రెండో వారం జలుబు పట్టుకుంది, వదల్లేదు. మూడో వారం పళ్ళు తోముకుంటుంటే రక్తం వచ్చింది. కాళ్ళ మీద కమిలిన మచ్చలు. ఎక్కడ తగిలించుకున్నాడో గుర్తు లేదు.

"ఏమండీ, ఆ పరిశోధన కాగితాలు చదివే సంతకం పెట్టారా?" అంది భార్య.

"పన్నెండు పేజీలు. చదివేసరికి రిటైరైపోతాను."

"వేళాకోళం వద్దు. మొహం చూసుకున్నారా? సున్నం కొట్టినట్టుంది. మానేయండి."

"ఆ గదిలో ఎవడైనా ఇంతేనే. అక్కడ తట్టుకుంటే కొండ మీద గెలిచినట్టే."

గట్టిగానే అన్నాడు. కానీ ఆ సాయంత్రం సొంత ఇంటి మెట్ల మీద, రెండో అంతస్తులో కూలబడ్డాడు. భయమేసింది. అది కూడా ఆ గది చలవేనని సరిపెట్టుకున్నాడు. భార్యకు చెప్పలేదు.

నాలుగో వారం రిపోర్టు చూసిన నర్సు నవ్వలేదు. డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

"తెల్లకణాలు ఉండాల్సినదానికి ఆరు రెట్లున్నాయి. సగం సరిగా ఎదగని కణాలే," అంది డాక్టరమ్మ.

"నెలరోజులు ఊపిరాడకుండా తొక్కిస్తే పెరగవా మేడమ్? మీరు చూడాలనుకున్నది అదేగా," నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇంక రెండు రోజులే. నా చేత మాన్పించకండి. దళంలో చోటు పోతే మళ్ళీ రాదు."

డాక్టరమ్మ బీరువాలోంచి అతని నంబరు వేసిన సీలు కవరు తీసి చింపింది. లోపలి కాగితం రెండుసార్లు చదివింది. స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

"పోల్చి చూడడానికి కొందరికి ఆక్సిజన్ ఏమీ తగ్గించం. మొదటి రోజు నుంచీ మీ గదిలోకి వదిలింది, బయట వీధిలో అందరూ పీల్చే మామూలు గాలే."