బిగిసిన స్టీరింగ్

తాళంచెవి తిరగడం లేదు.

మధుకర్ బలమంతా పెట్టి తిప్పాడు. కదల్లేదు. స్టీరింగ్ పట్టుకుని ఊపాడు. అదీ బిగుసుకుపోయింది.

వెనక సీట్లో తల్లి భూమవ్వ ఛాతీ పట్టుకుని మూలుగుతోంది. ఆమెను బోధన్ నుంచి నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. ఎడపల్లి దాటాక ఆమె నీళ్లడిగింది. బస్ స్టేజీ పక్కన చెరుకురసం బండి కనిపిస్తే కారాపి, తాళంచెవి తీసి, స్టీరింగ్ మీద బరువు వేసి దిగాడు. దిగిన పాపానికి లాక్ పడింది.

"ఇంకెంత సేపు బిడ్డా?"

"అయితది అవ్వా, పోదాం."

అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వస్తోందన్నారు, ఎప్పటికో చెప్పలేదు. రోడ్డు మీదికొచ్చి చేయెత్తాడు. ఒక్క బండీ ఆగలేదు.

మళ్లీ కార్లో కూర్చుని కోపంగా తిప్పబోయాడు.

"జోరు చెయ్యకు భావూ. చాబీ ఇరుగుతది."

కిటికీ దగ్గర ఎవరో మనిషి నిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, మోకాళ్లదాకా ఎండిన బురద. భావూ అంటున్నాడంటే మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చినవాడే.

"నీకెందుకు? పక్కకు జరుగు."

"చక్రం వంకర ఉన్నది. లాక్ మీద బరువు పడ్డది. స్టీరింగ్ నేను పట్టుకుంట, నువ్వు మెల్లగ చాబీ తిప్పు."

మధుకర్ అతని చేతుల్ని చూశాడు. ముందు సీటు మీదున్న తన ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

ఇంతలో భూమవ్వ మూలుగు ఆగిపోయింది. మూలిగినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది.

"సరే, పట్టు."

ఆ మనిషి కిటికీలోంచి చేయి పెట్టి స్టీరింగ్‌ను ఎడమకు ఒత్తి పట్టాడు. రాలేదు. కుడికి ఒత్తాడు.

"ఇగ తిప్పు. మెల్లగ."

టక్కుమంది. తాళంచెవి తిరిగింది, ఇంజను అందుకుంది. మధుకర్‌కు ప్రాణం లేచొచ్చింది.

"భావూ, ఒక్క మాట..." ఆ మనిషి తలుపు వదల్లేదు.

అనుకున్నదే. మధుకర్ ఒక నోటు తీసి అతని చేతిలో కుక్కాడు.

"గది గాదు భావూ..."

"సాలదా? మా అవ్వ సావుబతుకుల మీదుంటే గిప్పుడు బేరమా? ఇడువు."

కారు ముందుకు దూకింది. ఆ మనిషి తలుపు పట్టుకుని కాస్త దూరం ఉరికి, చేయి జారి రోడ్డు మీద పడ్డాడు. మధుకర్ అద్దంలో చూశాడు. చూసీ ఆగలేదు. ఏరు దాటినవాడికి తెప్పతో పనేముంది.

భూమవ్వ బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ మాట మధుకర్‌ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. రోడ్డు మీద పడ్డ మనిషే కళ్లముందు మెదిలాడు. సిగ్గేసింది.

మర్నాడు తల్లి బట్టలకోసం బోధన్ పోతూ అదే స్టేజీ దగ్గర ఆగాడు. చెరుకురసం బండి నడిపే హన్మవ్వ గ్లాసులు కడుగుతోంది.

"అవ్వా, నిన్న నా కారు లాక్ ఇడిపిచ్చినాయన యాడుంటడు? కాళ్లు మొక్కి పోత."

హన్మవ్వ గ్లాసు పక్కన పెట్టి అతన్ని తేరిపార చూసింది.

"ఆయన లేడు బిడ్డ. పొద్దుగాలనే పీనుగను తీస్కొని వాళ్ల ఊరికి పోయిండు."

"పీనుగా? ఎవలది?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ముందుగాలనే అడుగు అని నేనే చెప్పిన ఆయనకు. ముసలవ్వ పానం మీదికొచ్చింది, ముందు బండి కదలనీ, అటెన్క అడుగుత అన్నడు."

"ఏం అడుగుతనన్నడు?"

"పాము కరిసిన పెండ్లాన్ని గా స్టేజీల పండబెట్టి నీ కార్ల జరంత జాగ అడుగనీకి వచ్చిండు బిడ్డ, నువ్వు పోయినంక ఆయన ఒళ్లనే ఆమె పానం ఇడిసింది."