ఎవరూ దిగని కుంట

పెద్ద చెరువుకు పోతున్న బాతుల గుంపు ఎదురుగాలికి అలసిపోయి, ఎప్పుడూ పైనుంచే దాటిపోయే చిన్న కుంటలో దిగింది. నీళ్లలో ఎక్కడ చూసినా నత్తలే. గుంపుకు పెద్దదిక్కయిన ముసలి బాతు ఎవరినీ వాటిని ముట్టనివ్వలేదు. పోయినేడు దాని చెల్లెలు వలలో పడింది.

"ఇంత తిండి ఉంటే ఒక్క పిట్టా లేదేం? వలేమైనా వేశారా?" అని గట్టు మీది తాబేలును నిలదీసింది.

"పిట్టలే రాని చోట వలెవడు వేస్తాడు, అవ్వా?" అంది తాబేలు.

ముసలి బాతు నమ్మలేదు. తుంగలో తల దూర్చి వల కోసం వెతికింది. నత్త అడ్డమొస్తే మింగి, మళ్లీ వెతికింది. దాన్ని చూసి మిగతా బాతులూ వెతకసాగాయి. పొద్దుగూకేసరికి అందరి పొట్టలూ నిండాయి గానీ వల దొరకలేదు.

ఎగిరే ముందు ముసలి బాతు తాబేలుతో అంది: "ఇక్కడేదో మోసముంది. వచ్చే ఏడూ దిగి వెతకాల్సిందే."